కిడ్నీ అని రాసుకున్నాం

మొన్న కార్తీకంలో మా పాత ఆరోగ్య కేంద్రం నుంచి ఇద్దరు కొత్త ఉద్యోగులు కాశీబుగ్గలో మా ఇంటికి వచ్చారు. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. హైస్కూళ్ళలో కౌమార విద్య పాఠం చెప్పమని వాళ్ళకు ఉత్తర్వు వచ్చిందట.

"సార్, ఈ పాఠం మీరు చాలా ఏళ్ళు చెప్పారట కదా. మీరు చెప్పిన బళ్ళల్లో పిల్లలకి మంచి మార్కులు వచ్చినట్టు పాత ఫైల్లో చూశాం. ఎలా చెప్పేవారు?" అని అడిగింది అమ్మాయి.

టీ ఇచ్చాను. జీడిపప్పు వేయించి పెట్టాను. పూండిలో ఏ రైలు ఆగుతోంది, ఏది ఆగడం లేదు అన్న కబుర్లు చెప్పాను. అడిగినదానికి మాత్రం జవాబు చెప్పకుండా పంపేశాను. వాళ్ళు గేటు దాటాక నాకు సిగ్గేసింది. ఆ జవాబే ఇప్పుడు రాస్తున్నాను. వాళ్ళిద్దరి కోసం, అలాంటి ఉత్తర్వు చేతికి అందిన ఇంకెవరైనా ఉంటే వాళ్ళ కోసం.

ఉద్యోగంలో చేరిన రోజు నుంచి రిటైరైన రోజు దాకా నేను డైరీ మానలేదు. ఎన్నింటికి బయల్దేరాను, ఏ ఊరు వెళ్ళాను, ఎంతమందిని చూశాను, భోజనం ఎక్కడ చేశాను, అన్నీ ఉంటాయి. మనసులో మాట మాత్రం ఎక్కడా ఉండదు. అందుకే అవి నమ్మదగ్గవని చాలాకాలం అనుకున్నాను.

ఈ పాఠం గురించి రాయాలంటే ఒక అమ్మాయి గురించి రాయాలి. పదిహేడో ఏట చనిపోయింది. కిడ్నీ జబ్బుతో పోయిందని ఊళ్ళో అందరూ అనుకుంటారు. అది నిజం కాదు. ఆ మాట ఊళ్ళో నిలబడిపోవడానికి ముఖ్య కారణం నేను. ఇది రాయబోయే ముందు ఆమె తల్లిని వెతుక్కుంటూ వెళ్ళి అనుమతి అడిగాను. ఆవిడ, "రాయండి బాబూ. ఊరి పేరు ఒగ్గీండి. నా పేరూ ఒద్దు" అంది. అందుకే ఇందులో ఎవరి పేరూ ఉండదు.

నేను హెల్త్ ఎడ్యుకేటర్‌గా పనిచేశాను. ఉద్దానంలో ఆ ఉద్యోగమంటే ముందుగా కిడ్నీ పాఠం. ఇక్కడి కొబ్బరితోటల మధ్య ఏ వీధికి వెళ్ళినా డయాలసిస్‌కి తిరిగే మనిషి ఒకరైనా కనిపిస్తారు. అందుకే ఆ పాఠం చెప్పడానికి నేను కష్టపడాల్సిన పనే ఉండేది కాదు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవారు. మొహం వాపు, కాళ్ళ వాపు, వాంతులు, ఆకలి లేకపోవడం, మూత్రంలో తేడా. ఈ ఐదింటినీ చేతివేళ్ళ మీద లెక్కపెట్టించేవాణ్ణి. వీటిలో రెండు కనిపించినా పొద్దున మొదటి మూత్రం శుభ్రమైన సీసాలో పట్టి, మూత బిగించి, పేరు రాసి మా కేంద్రానికి తేవాలని చెప్పేవాణ్ణి. ఐదో తరగతి పిల్లలు కూడా గడగడా అప్పజెప్పేవారు.

కౌమార విద్య సంగతి వేరు. దానికి మాకు ఒక ఫ్లిప్ చార్టు ఇచ్చారు. గోడకు తగిలించి ఒక్కొక్క పేజీ తిప్పుతూ చెప్పాలి. పోషకాహారం, రక్తహీనత, శరీరంలో వచ్చే మార్పులు, నెలసరి, శుభ్రత. అంతవరకు ఇబ్బంది లేదు. ఆ తర్వాత రెండు పేజీలు ఉండేవి. గర్భం ఎలా వస్తుంది అన్నది ఒకటి. గర్భం అని ఎలా తెలుస్తుంది, తెలిస్తే ఎవరికి చెప్పాలి అన్నది రెండోది.

ఆ అమ్మాయి చదివిన హైస్కూలుకు వెళ్ళిన రోజు నాకు బాగా గుర్తు. పదో తరగతి పిల్లలు. నాతో పాటు మా కేంద్రంలోని ఏఎన్ఎమ్ వచ్చింది. ఆవిణ్ణి ఊళ్ళల్లో అందరూ నర్సమ్మ అనేవారు, నేనూ అలాగే అనేవాణ్ణి. కోటబొమ్మాళి వైపు మనిషి. నోరు కాస్త పెద్దది. ఇరవై ఏళ్ళుగా కాన్పులు చూసిన చేతులు.

హెడ్మాస్టరు గారు చార్టును ముందే తిరగేసి చూశారు. ఆ రెండు పేజీల దగ్గర ఆగారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"సార్, ఊరి సంగతి మీకు తెలియంది కాదు. పెద్దలంతా రేపు నా గదిలోనే కూర్చుంటారు. ఇవి రెండూ తిప్పకండి."

"ప్రోగ్రాంలో ఉన్నవే కదండీ" అన్నాను.

"ఉన్నవే. వద్దనడం లేదు. తిప్పకండి అంటున్నాను."

ఆయన బల్ల మీద ఉన్న పెద్ద క్లిప్పు తీసి ఆ రెండు పేజీలూ కలిపి బిగించారు. నేను వారించలేదు. నిజం చెప్పాలంటే నాకూ తేలికయింది. ఇద్దరు ఆడపిల్లల తండ్రిని. మగాణ్ణి. ఆ బొమ్మలు పిల్లల ముందు కర్రపుల్లతో చూపించడం ఎలాగా అని ముందురోజు నుంచీ మథనపడుతున్నాను.

నర్సమ్మ వరండాలోకి వచ్చి నన్ను నిలబెట్టేసింది.

"ఏటి సార్, ఆ రెండూ తిప్పకపోతే ఇంక మనం ఎందుకొచ్చినట్టు? సేతులు కడుక్కోండని సెప్పడానికా?"

"హెడ్మాస్టరు ఒప్పుకోవడం లేదమ్మా."

"ఆయన ఒప్పుకోడు. ఆడపిల్లల్ని ఒక గదిలో కూకోబెట్టి నాకొగ్గీండి. నాను సెప్తాను. ఆయన కాదు కదా, మీరూ రానక్కర్నేదు."

"రిపోర్టులో ఇద్దరం కలిసి చెప్పినట్టు ఉండాలి" అన్నాను.

"రిపోర్టుకి పెళ్ళవ్వదు సార్, పురుడూ రాదు" అని విసురుగా లోపలికి వెళ్ళిపోయింది.

చార్టు పావుగంట ముందే అయిపోయింది. పీరియడు ఇంకా మిగిలే ఉంది. ఆ ఖాళీని ఎలా నింపాలో నాకు వెంటనే తోచింది. కిడ్నీ పాఠం ఎత్తుకున్నాను. అప్పటిదాకా తలలు దించుకుని గోళ్ళు గిల్లుకుంటున్న ఆడపిల్లలు ఒక్కసారి తలలెత్తారు. ఐదు లక్షణాలూ వేళ్ళ మీద చెప్పించాను. సీసా ఎలా తేవాలో చెప్పాను. తరగతి మొత్తం మోగిపోయింది.

పాఠానికి ముందొక పరీక్ష, తర్వాతొక పరీక్ష పెట్టి, పిల్లలకు ఎంత తెలిసిందో లెక్క కట్టి పంపాలని పైవాళ్ళ ఆదేశం. చెప్పని పేజీల మీద ప్రశ్నలు అడగడం న్యాయం కాదని వాటిని కొట్టేశాను. మిగిలిన వాటికి పిల్లలు చక్కగా రాశారు. 'పాఠం ప్రభావం' అన్న గడిలో 'చాలా బాగుంది' అని నింపాను. ఆ రోజు డైరీలో ఇలా ఉంది: "హైస్కూలు. కౌమార విద్య, కిడ్నీ అవగాహన. రెండూ విజయవంతం. హెచ్.ఎం. గారు టిఫిను ఇప్పించారు." మిగిలిన స్కూళ్ళలోనూ అదే పద్ధతి. క్లిప్పు నేనే వెంట తీసుకెళ్ళేవాణ్ణి. ఆ సంవత్సరం జెండా పండగకి నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు.

రెండేళ్ళు గడిచాయి.

ఒక సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి ఆ అమ్మాయి తల్లితో కలిసి మా కేంద్రానికి వచ్చింది. నర్సమ్మ ట్రైనింగు కోసం శ్రీకాకుళం వెళ్ళింది. డాక్టరు గారు వేరే ఊళ్ళో క్యాంపులో ఉన్నారు. కేంద్రంలో నేనూ, ఒక అటెండరూ ఉన్నాం.

ఆ పిల్ల చేతిసంచిలోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టింది. దగ్గు మందు సీసా, బాగా కడిగి ఉంది. మీద తెల్లకాగితం అంటించి పేరు, వయసు, పట్టిన టైము రాసుకొచ్చింది.

"మీరు మాకు టెన్త్‌లో పాఠం సెప్పినారు సార్. గుర్తుందా?"

"ఏ బ్యాచ్ అమ్మా?"

ఆమె జవాబు చెప్పే బదులు చెయ్యెత్తి వేళ్ళు మడిచింది. "మొహం వాపు. కాళ్ళ వాపు. వాంతులు. ఆకలి నేదు. ఒంటికి ఎల్లడంలో తేడా. ఐదూ ఉన్నాయి సార్."

ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. సన్నటి మనిషి. వదులు చుడీదారు, మీద నిండా చున్నీ. మొహం ఉబ్బి ఉంది. పాదాల మీద నా వేలు నొక్కితే గుంట పడి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

తల్లి పలాసలో జీడిపప్పు బట్టీలో పిక్కలు కొట్టే పనికి వెళ్తుంది. వేళ్ళు నల్లగా కమిలిపోయి ఉన్నాయి. భర్త రెండేళ్ళ కిందట కిడ్నీలు పాడై పోయాడు. అతని పేరు మా రిజిస్టరులోనే ఉంది.

"ఆళ్ళ నాన్నకీ ఇలగే మొదలైనాది బాబూ" అంది తల్లి. గొంతులో ఏడుపు లేదు. అప్పటికే ఏడ్చేసి వచ్చినట్టుంది. "ముందు వాంతులు. తరవాత కాళ్ళు. ఇప్పుడు దీనికి పొట్టలో కూడా నీరు పట్టినాది. నెల కూడా ఆగిపోనాది బాబూ. మా పక్కింటి కోడలికీ అంతే, డయాలసిస్ మొదలెట్టినకాడ్నించీ రాటం నేదు."

మూత్రంలో పరీక్ష పుల్ల ముంచాను. ప్రోటీన్ గడి ముదురు ఆకుపచ్చకు తిరిగింది. బీపీ చూశాను. ఎక్కువ. మళ్ళీ చూశాను. అంతే. క్రియాటినిన్ పరీక్షకు రక్తం తీసి పంపించాను. కిడ్నీ రిజిస్టరు తెరిచి, తండ్రి పేరు ఉన్న పేజీ వెతికి, 'కుటుంబంలో కిడ్నీ జబ్బు: ఉంది' అని రాశాను. 'రుతుస్రావం ఆగింది, కిడ్నీ కారణం కావచ్చు' అని కూడా రాశాను. నా దస్తూరీ బాగుంటుంది.

డాక్టరు గారికి ఫోను చేశాను. "ఇంటర్ చదివే అమ్మాయి సార్, తండ్రి కిడ్నీతో పోయాడు, ప్రోటీన్ చాలా ఉంది, బీపీ ఎక్కువ" అన్నాను. ఆయన బీపీ బిళ్ళలు ఇచ్చి, గురువారం పలాస ఆసుపత్రికి కిడ్నీ డాక్టరు వచ్చినప్పుడు పంపమన్నారు. ఆయన్ని తప్పుపట్టలేను. నేను చెప్పిన వరసలో వింటే ఎవరైనా అదే చెప్తారు.

వెళ్ళబోతూ ఆ అమ్మాయి గుమ్మం దగ్గర ఆగింది.

"గురువారం స్కానింగ్ తీత్తారా సార్?"

"డాక్టరు రాస్తే తీస్తారు."

"అందులో అన్నీ కనబడతాయా?"

"అన్నీ కనబడతాయి. భయపడకు" అన్నాను.

ఆమె తల దించుకుంది. తల్లి చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. ఆ ప్రశ్నలు ఎందుకు అడిగింది? తెలిసి భయపడిందా? తెలియక, తెలుసుకోవాలని అడిగిందా? నిజంగానే కిడ్నీ అనుకుందా, లేక కిడ్నీ అయితే బాగుండునని అనుకుందా? నా దగ్గర ఉన్నది ఆ రెండు ప్రశ్నలే. నేను వాటికి జవాబులు చెప్పేశాను. తిరిగి ఒక్క ప్రశ్న అడగలేదు.

మంగళవారం మధ్యాహ్నం నర్సమ్మ ట్రైనింగు నుంచి వచ్చింది. రాగానే రిజిస్టర్లు తిరగేయడం ఆవిడ అలవాటు. ఆ వరస దగ్గర వేలు పెట్టి ఆగిపోయింది.

"ఈ గుంటకి పదిహేడేళ్ళు. నెల ఆగినాదని రాసినారు. ఎన్నాళ్ళయిందని అడిగినారా?"

"కిడ్నీ వాళ్ళకి ఆగుతుంది కదమ్మా."

"ఆగుతాది. ఇంక దేనికీ ఆగదా?"

"పెళ్ళికాని పిల్ల నర్సమ్మా. చదువుకుంటోంది. తల్లి పక్కనే ఉంది. ఎలా అడుగుతాను?"

"పొట్ట ముట్టుకు సూసినారా?"

"నేనెలా ముట్టుకుంటాను?"

ఆవిడ సంచి భుజానికి తగిలించుకుంది. "నాను ఎల్తాను. ఇప్పుడే ఎల్తాను."

ఇక్కడే నా ఉద్యోగంలో అన్నిటికంటే పెద్ద తప్పు చేశాను. నా డైరీలో ఇది లేదు. ఆ రోజు పేజీలో 'త్రైమాసిక నివేదిక తయారుచేయుట' అని మాత్రమే ఉంది. నేను ఆవిణ్ణి ఆపాను.

"సాయంత్రం వేళ వీధంతా అరుగుల మీద ఉంటారు. నువ్వు బీపీ మిషనుతో ఆ ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంటే రేపటికి ఆ పిల్ల బతుకు బజారున పడుతుంది. మనం అనుకున్నది కాకపోతే? రేపు పొద్దున అందరూ పనులకు పోయాక మెల్లగా వెళ్దాం. నేనూ వస్తాను. గురువారం ఎలాగూ డాక్టరు చూస్తారు. ఈ నివేదిక రేపటికి పంపాలి, మీ ఊళ్ళ లెక్కలు ఇవ్వు."

ఆవిడ నా వైపు అలాగే చూసింది. నా మాటలో న్యాయం లేకపోలేదు. అదే చిక్కు. ఆవిడ కూచుంది. దీపాలు పెట్టేవేళ దాకా లెక్కలు చెప్పింది, నేను రాసుకున్నాను. అందులో కౌమార విద్య గడి కూడా ఉంది.

బుధవారం పొద్దున ఎనిమిదిన్నరకి నా స్కూటరు మీద ఇద్దరం బయల్దేరాం. ఊరి మొదట్లోనే ఒక ముసలాయన చెయ్యెత్తి ఆపాడు. "బేగి ఎల్లండి బాబూ, ఆ గుంట కొట్టుకుంటంది" అన్నాడు.

గదిలో చాప మీద ఉంది. ఫిట్స్. నోటి పక్క నురగ, రక్తం. తల్లి ఆమె గుప్పిట్లో తాళంచెవుల గుత్తి పెట్టి గట్టిగా పట్టుకుని ఉంది. చుట్టూ ఆడవాళ్ళు. "కిడ్నీ తలకెక్కినాది" అంటోంది ఒకావిడ. నర్సమ్మ అందర్నీ బయటికి తరిమింది. పిల్లను ఎడమ పక్కకు తిప్పింది. చున్నీ తీసి పొట్ట మీద చెయ్యి వేసింది. ఆవిడ చెయ్యి అక్కడ ఆగిన తీరు చూశాకే నాకు అర్థమైంది. ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది.

చిన్నవాళ్ళకు తెలియడం కోసం రాస్తున్నాను. గర్భం చివరి నెలల్లో కొందరికి బీపీ పెరుగుతుంది, మొహమూ కాళ్ళూ వాస్తాయి, మూత్రంలో ప్రోటీన్ పోతుంది. ముదిరితే ఫిట్స్ వస్తాయి. పాతవాళ్ళు గుర్రపువాతం అనేవారు. ముందుగా పట్టుకుంటే చాలామందిని కాపాడవచ్చు. పట్టుకోవడానికి కావలసినవి బీపీ మిషను, మూత్రం పుల్ల. రెండూ సోమవారం నా చేతిలోనే ఉన్నాయి.

అంబులెన్సులో నర్సమ్మ, తల్లి, నేను. దారిలో మళ్ళీ రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. టెక్కలిలో ఆపాం. డ్యూటీలో ఒక చిన్న డాక్టరమ్మ ఉంది. నా పెద్దమ్మాయి వయసు ఉంటుంది. పొట్ట చూసింది, గొట్టం ఆనించి విన్నది, తల్లి వైపు తిరిగింది.

"ఎన్నో నెల?"

"ఏటి నెలమ్మా?"

"కడుపుతో ఉంది కదా. ఎన్నో నెల?"

"కాదమ్మా" అంది తల్లి, కంగారేమీ లేకుండా. పొరపాటు సరిదిద్దుతున్నట్టుగా చెప్పింది. "దీనికి కిడ్నీ. ఈ బాబు సూసినారు. రాసినారు కూడాను. సెప్పండి బాబూ."

నర్సమ్మ ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, "అప్పా, ఇలగ రా. నాను సెప్తాను రా" అని అవతలికి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ ఇంజక్షను ఎక్కిస్తూ నన్ను ఒక్కసారి చూసింది. "మీరు హెల్త్ డిపార్ట్‌మెంటేనా?" అంది. అంతే అంది. అవునన్నాను.

వెంటనే శ్రీకాకుళం పంపించారు. హరిశ్చంద్రపురం రైల్వే గేటు దాటాక ఆ పిల్ల ఒకసారి కళ్ళు తెరిచి "అమ్మా, పరీచ్చ ఉంది" అంది. ప్రాక్టికల్సు గురించి. అదే ఆఖరి మాట. సాయంత్రం ఐదింటికి పోయింది. లోపలి బిడ్డ అంతకు ముందే పోయింది.

ఆసుపత్రి కాగితాల్లో ఉన్నది ఉన్నట్టు రాశారు. వయసు తక్కువ కాబట్టి పోలీసులు వచ్చారు, అడిగారు, రాసుకున్నారు. ఆ మగవాడు ఎవరన్నది నేను అడగలేదు. తల్లి ఎప్పటికో తెలుసుకుంది. నాకు చెప్పలేదు.

వరండాలో సిమెంటు బల్ల మీద ఆవిడ నా పక్కన వచ్చి కూచుంది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"బాబూ, ఊళ్ళో కిడ్నీ అనే సెప్పండి."

నేను చేతిలోని కాగితాలు మడిచాను.

"కిడ్నీతో సచ్చిపోతే మా ఊళ్ళో ఎవుళూ ఏటీ అడగరు బాబూ. నలుగురూ వత్తారు. ఏడుత్తారు. దీనికింకో సెల్లి ఉంది. మీరు ముందే కిడ్నీ అని రాసేరు కదా. అలగే ఉంచీండి."

ఉంచేశాను. రిజిస్టరులో ఆమె పేరుకు ఎదురుగా చివరి గడిలో 'మరణించినది' అని రాశాను. కారణం రాయడానికి అందులో గడి లేదు. అది కిడ్నీ రిజిస్టరు, కారణం పుస్తకం అట్ట మీదే ఉంది. క్రియాటినిన్ ఫలితం చీటీ శుక్రవారం వచ్చింది. నార్మల్.

చీటీ వచ్చిన రోజే చార్టు కిందికి దించి క్లిప్పు తీశాను. రెండో పేజీలో గర్భం లక్షణాలు వరసగా ఉన్నాయి. నెల తప్పడం, వాంతులు, ఆకలి మందగించడం, తరచు మూత్రానికి వెళ్ళడం. పక్కనే ఎర్రగా ఇంకో గడి: మొహం, కాళ్ళు వాస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. నా ఐదు వేళ్ళ పాఠం పక్కన పెట్టి చూశాను. ఇంచుమించు అదే జాబితా. ఒక జాబితాను నేను ఆ పిల్లకు నిద్రలో లేపి అడిగినా చెప్పేలా నేర్పాను. రెండోదాన్ని అదే గదిలో, అదే గంటలో, క్లిప్పు పెట్టి మూసేశాను. మూసేయగా మిగిలిన టైములోనే మొదటిది నేర్పాను.

నర్సమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఆ గుంట మీరు సెప్పినదాంట్లో ఒక్క ముక్క మరిసిపోనేదు సార్" అంది. "సీసా కడిగి మరీ తెచ్చినాది."

వెటకారమో, ఓదార్పో నాకు తెలియలేదు. అడిగే ధైర్యమూ లేకపోయింది.

ఇప్పుడు ఆ కొత్త ఉద్యోగుల ప్రశ్నకు వస్తాను. ఈ పాఠం పనిచేస్తుందా అని మీ పైవాళ్ళు అడుగుతారు. గడి నింపమంటారు. చెప్పిన పాఠం పనిచేస్తుంది. చెప్పిందంతా పిల్లలు నమ్ముతారు, గుర్తుపెట్టుకుంటారు, అవసరమైనప్పుడు దాన్నే పట్టుకుని మన గుమ్మానికి వస్తారు. మీరేం చెప్పారో దానికి మార్కులు వస్తాయి. ఏం దాటేశారో దానికి పరీక్ష ఉండదు. ఆ ఎండాకాలం నుంచి నర్సమ్మ ఆడపిల్లల్ని అంగన్వాడీలో కూచోబెట్టి తలుపేసుకుని అన్నీ చెప్పడం మొదలెట్టింది. నన్ను అడగలేదు. నేను అడ్డు చెప్పలేదు. రెండు ఊళ్ళల్లో గొడవైంది, ఒక ఊళ్ళో ఆవిడ సైకిలు గాలి తీసేశారు. దాని ప్రభావం ఎంతో నేను లెక్క కట్టలేదు. ఒకసారి మాత్రం ఒక పిల్ల పొద్దున్నే వచ్చి "నర్సమ్మతోనే మాట్లాడాల" అని నన్ను దాటుకుని లోపలికి వెళ్ళింది. ఆ పిల్ల ఇప్పుడు రావివలస దగ్గర టీచరుగా ఉంది. అంతే తెలుసు.

దానికంటే ముందు జరిగింది ఒకటి చెప్పలేదు. చెప్పకుండా వదిలేద్దామనే ఇంతదాకా వచ్చాను.

ఆ అమ్మాయి పోయిన పదకొండో రోజు పొద్దున నేను కేంద్రం తాళం తీసేసరికి వరండా నిండా ఆడపిల్లలు ఉన్నారు. ఆమెతో చదువుకున్నవాళ్ళు, వాళ్ళ చెల్లెళ్ళు. కాలేజీ యూనిఫారాల్లో కొందరు, స్కూలు యూనిఫారాల్లో కొందరు. అందరి చేతుల్లో సీసాలు. పట్టణం బస్సు వెళ్ళిపోతుందని తొందరపడుతున్నారు. ఇద్దరు ముగ్గురు రాత్రి ఏడ్చిన కళ్ళతో ఉన్నారు. తమకూ వచ్చేసిందేమోనని భయం.

నర్సమ్మ నా చెవి దగ్గరికి వచ్చింది. "అందరూ ఒక్కసోట దొరికినారు. తలుపేసి ఈళ్ళకైనా నిజం సెప్పండి. పేరు సెప్పకండి. ఇలగ కూడా అవుతాదని సెప్పండి."

"తల్లికి మాటిచ్చాను" అన్నాను.

వరసగా పిలిచాను. ఒక్కొక్క సీసాలో పుల్ల ముంచాను. ఒక్కొక్కరికీ బీపీ చూశాను. ఎవరికీ ఏమీ లేదు. ఆ మాట వినగానే ఒకమ్మాయి గట్టిగా నవ్వేసి, మళ్ళీ నోరు మూసుకుంది.

చివర్లో ఉన్న పిల్ల తొమ్మిదో తరగతి. ఆ పోయిన అమ్మాయి చెల్లెలు. చేతిలో సీసా లేదు, నోటు పుస్తకం ఉంది.

"సార్, మా అక్కకి ఎందుకొచ్చినాది?"

అందరూ ఆగి నా వైపు చూశారు. నర్సమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఒక చేత్తో గొళ్ళెం పట్టుకుని ఉంది. నేను ఊ అంటే వేసేసేది.

"నీళ్ళ వల్ల కావచ్చమ్మా" అన్నాను. "కాచి, చల్లార్చి తాగండి."

ఆ పిల్ల కూచుని, పుస్తకం మోకాలి మీద పెట్టుకుని, ఆ మాట రాసుకుంది. మిగిలినవాళ్ళూ రాసుకున్నారు.